గొంతు దగ్గర కత్తి, కళ్ళ మీద నిద్ర

కిందటి నెల తెనాలి వెళ్ళినప్పుడు, నేను చిన్నప్పటి నుంచి వెళ్ళే సెలూన్‌లో నా పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన గుర్రు పెట్టారు. మెడ దాకా తెల్లగుడ్డ కప్పి ఉంది, ముఖమంతా నురగ. దవడ ఎముక కింద నాడి కొట్టుకునే చోట బ్లేడు మెల్లగా కదులుతోంది. మెదడుకు రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమని అక్కడ చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. నాడి చూడటానికి డాక్టర్లు వేళ్ళు ఆనించేదీ అక్కడే. ప్రాణానికి అంత చేరువలో పదునైన ఉక్కు తిరుగుతుంటే ఒళ్ళు బిగుసుకుపోవాలి, గుండె దడదడలాడాలి. ఆయనేమో నిద్రపోయారు. తల పక్కకు వాలబోతుంటే మా క్షురకుడు ఎడమ అరచేత్తో దాన్ని ఆపి, కత్తి ఎత్తి పట్టుకుని, గుర్రు ఒక తీరుకు వచ్చేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆ నిద్ర ఎలా వచ్చిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. హైదరాబాదులో ఇప్పుడు వీధికొకటిగా మగవాళ్ళ స్పాలు, బార్బర్ క్లబ్బులు వెలిశాయి. మెత్తటి వాలు కుర్చీ, గంధపు వాసన, సన్నటి సంగీతం, ముఖానికి బొగ్గు పూత, తాగడానికి కాఫీ. అక్కడికీ వెళ్ళాను, బాగుంది. తెనాలి సెలూన్‌లో వీటిలో ఒక్కటీ లేదు. పాత ఫ్యాను, వరసగా అద్దాలు, గోడకో క్యాలెండరు. అయినా కళ్ళు మూతలు పడటం రెండు చోట్లా ఒకేలా జరుగుతుంది. కాబట్టి ఆ హాయి సంగీతంలోనో పూతలోనో లేదు. అది ఎక్కడుందో చెప్పగలిగేంత శాస్త్రం గత ముప్పై ఏళ్ళలో పోగయింది. కుర్చీలో పని ఏ వరసలో జరుగుతుందో ఆ వరసలోనే చూద్దాం.

మొదట వేడి తువాలు. స్పాలో దాన్ని ఆవిరి పెట్టెలోంచి పటకారుతో తీస్తారు, మా సెలూన్‌లో వేడినీళ్ళలో ముంచి పిండుతారు. ఎక్కడైనా సరే, పని తెలిసినవాడు ముందు దాన్ని తన ముంజేతికి ఆనించి చూసుకుంటాడు. అతను వెతికేది ఒక సరిహద్దు. చర్మం వేడి సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే వెచ్చదనం పోయి నొప్పి మొదలవుతుంది. నరాల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఆ వేడికి తలుపులా తెరుచుకుని మెదడుకు మంట కబురు పంపుతుంది. గుంటూరు మిరపకాయ కొరికితే నోరు మండేదీ ఈ తలుపు వల్లే. మిరపలోని కాప్సైసిన్ దాన్ని వేడి లేకుండానే తెరిచేస్తుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఈ ప్రోటీన్‌ను పట్టుకుంది. ఆయనకూ, స్పర్శకు స్పందించే ప్రోటీన్లను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఆ గీత దాటకుండా దాని దగ్గర దాకా మాత్రమే తీసుకెళ్ళేది మంచి తువాలు.

వేడికి చర్మ రంధ్రాలు తెరుచుకుంటాయని, చివర్లో చల్లనీళ్ళు చల్లితే మూసుకుంటాయని స్పాల్లో చెబుతుంటారు. అది నిజం కాదు. ఆ రంధ్రాలను తెరిచి మూసే కండరమేదీ చర్మంలో లేదు. వేడి చేసే పని వేరు. రంధ్రాల్లో గడ్డకట్టిన జిడ్డును మెత్తబరుస్తుంది, వెంట్రుకలోకి నీటిని త్వరగా పంపుతుంది. ఈ రెండోది చాలా ముఖ్యం. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్ పోగుల కట్ట. ఆ పోగుల మధ్య హైడ్రోజన్ బంధాలు పొడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటాయి. నీరు చొరబడి వాటిని సడలిస్తుంది. వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని పీల్చుకోగలదు. మందం 14 నుంచి 16 శాతం దాకా ఉబ్బుతుంది. తడిసిన వెంట్రుక తక్కువ బలానికే తెగుతుంది. దానికి రెండు మూడు నిమిషాలైనా పడుతుంది. తొందరలో ఇంట్లో నాలుగు చుక్కలు చల్లుకుని గీసుకుంటే చర్మం మండటానికీ, కుర్చీలో మండకపోవడానికీ సగం కారణం ఆ నిమిషాలే. నురగ ఆ తడిని ఆరిపోకుండా పట్టి ఉంచుతుంది.

మిగతా సగం బొటనవేలిలో ఉంది. మంచి పనివాడు కత్తి పెట్టేముందు ఎడమచేతి బొటనవేలితో చర్మాన్ని సాగదీస్తాడు. ఎందుకో తెలియాలంటే అమెరికాలోని ఎంఐటీలో జరిగిన ఒక ప్రయోగం చూడాలి. ఉక్కుతో పోలిస్తే వెంట్రుక సుమారు 50 రెట్లు మెత్తన. అయినా బ్లేడు మొద్దుబారేది వెంట్రుకల వల్లే. ఈ చిక్కుముడి విప్పాలని అక్కడి పరిశోధకుడు తన గడ్డం తానే గీసుకుంటూ, ఆ బ్లేడ్లను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. అంచు అరిగిపోవడం కనిపించలేదు. అక్కడక్కడా చిన్న చిన్న పెచ్చులు లేచిపోయి ఉన్నాయి. వెంట్రుక నిటారుగా నిలబడి తెగినప్పుడు పెచ్చులు లేవడం లేదు. వంగి, పక్కకు ఒరిగి తెగినప్పుడు, ఉక్కులో సహజంగా ఉండే బలహీనమైన చోట్ల లేస్తున్నాయి. 2020లో సైన్స్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. చర్మం బిగువుగా ఉంటే వెంట్రుక లేచి నిలబడుతుంది, ఒరగదు. ఆ బొటనవేలు ఎన్నో తరాలుగా అక్కడే ఉంది. సూక్ష్మదర్శిని ఆ తర్వాత వచ్చింది.

గీయడం అయ్యాక లోషన్. చెంప మీద పడగానే చురుక్కుమని, ఆ వెంటనే చల్లబడుతుందే, ఆ రెండు క్షణాలనూ ఇప్పుడు విడదీసి చెప్పగలం. ఇందాకటి మంట తలుపు మామూలుగా 42, 43 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు 34 డిగ్రీలకు దిగిపోతుందని 2002లో ఇటలీ శాస్త్రవేత్తలు చూపారు. మన ముఖ చర్మం మామూలుగా ఉండే వేడి ఇంచుమించు అదే. అంటే లోషన్ చెంపను కాల్చడం లేదు. ఉన్న వేడినే కాలుతున్న వేడిగా నరానికి చూపిస్తోంది. ఆల్కహాల్ ఆవిరైపోతూ నిజంగానే కొంత వేడిని పట్టుకుపోతుంది. అందులోని మెంథాల్, అంటే పుదీనా పువ్వు, చలిని కొలిచే టీఆర్‌పీఎం8 అనే ఇంకో తలుపును తెరిచి లేని చలిని కూడా చూపిస్తుంది. ఆ తలుపును గుర్తించిందీ 2002లోనే. జూలియస్, పటపూటియన్ బృందాలు వేర్వేరుగా పనిచేస్తూ ఒకే ఏడాది దాన్ని చేరాయి.

లోషన్ స్థానంలో పటిక వాడే చోట్లు ఇంకా చాలా ఉన్నాయి. గాటు పడ్డ చోట పటిక ముక్క రుద్దితే అల్యూమినియం లవణం అక్కడి ప్రోటీన్లను గడ్డకట్టించి, చిన్న రక్తనాళాలను ముడుచుకునేలా చేసి నెత్తురు ఆపుతుంది. ఆ పని చక్కగా చేస్తుంది. కానీ ఒకే ముక్కను పదిమంది చెంపల మీద తిప్పితే పటిక దాన్ని శుభ్రం చేయదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిన నెత్తుటి మరకలో కూడా కనీసం ఏడు రోజులు సోకే శక్తితో ఉంటుంది. అందుకే మా సెలూన్‌లో వినిపించే ఒక చప్పుడంటే నాకు ఇష్టం. కొత్త బ్లేడును కాగితంతో సహా నిలువునా వంచి, రెండు ముక్కలుగా టక్కున విరిచే చప్పుడు. సగం నాకు, సగం తర్వాతివాళ్ళకు. ఆ చప్పుడు వినిపించకపోతే అడగాలి. అడిగినందుకు ఏ మంచి పనివాడూ నొచ్చుకోడు.

ఇక అసలు సంగతికి వద్దాం, చేతికి.

మన చర్మంలో స్పర్శ నరాలు ప్రధానంగా రెండు రకాలు. ఒక రకం లావుగా, కొవ్వు తొడుగుతో ఉంటాయి. సెకనుకు 50 మీటర్లకు అటూ ఇటూ వేగంతో కబురు మోస్తాయి. ఏది తగిలింది, ఎక్కడ తగిలింది, గరుకా నునుపా అన్నవి చెప్పేది ఇవే. రెండో రకానికి తొడుగు లేదు. సన్నవి, నిదానమైనవి. సెకనుకు సుమారు ఒక మీటరు, అంటే మనం తీరిగ్గా నడిచేంత. వీటిని సీ-టాక్టైల్ నరాలంటారు. 1939లోనే పిల్లుల్లో వీటి జాడ దొరికింది. మనుషుల్లో ఉన్నాయని తేలడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. వెంట్రుకలున్న చర్మంలోనే ఇవి విస్తారంగా ఉంటాయి, అరచేతుల్లో దాదాపు లేవు.

ఇవి దేనికున్నాయో తెలిసింది ఒక మహిళ వల్ల. జబ్బు చేసి ఆమెకు ముక్కు కింది భాగమంతా లావు స్పర్శ నరాలు పాడైపోయాయి. కళ్ళు మూసుకుంటే చేతి మీద ఏది పెట్టినా తెలిసేది కాదు. స్వీడన్ శాస్త్రవేత్తలు ఆమె ముంజేతి మీద మెత్తటి కుంచెతో మెల్లగా దువ్వారు. కుంచె ఏ వైపుకు కదులుతోందో ఆమె చెప్పలేకపోయింది. కానీ ఏదో హాయిగా ఉంది అంది. స్కానింగ్‌లో చూస్తే స్పర్శను లెక్కకట్టే భాగం మౌనంగా ఉంది. ఒంటి లోపలి స్థితిగతులను గమనించుకునే ఇన్సులా అనే భాగం మాత్రం వెలిగింది. హాకన్ ఒలౌసన్ బృందం 2002లో ప్రచురించిన ఈ పరిశోధన చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఎక్కడ తగిలిందో తెలియకుండానే హాయి మాత్రం తెలియడం! స్పర్శలో తెలివికి ఒక దారి, ఊరటకు వేరే దారి ఉన్నాయన్నమాట.

ఆ ఊరట దారికి ఒక వేగం కావాలి. 2009లో అదే పరంపరలో వచ్చిన మరో అధ్యయనం దాన్ని కొలిచింది. చర్మం మీద సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో కదిలే స్పర్శకు ఈ సన్న నరాలు బాగా మోగుతాయి. మరీ నెమ్మదైనా, మరీ వడిగా రుద్దినా తగ్గిపోతాయి. అవి ఎక్కువగా మోగిన వేగమే మనుషులు ‘బాగుంది’ అని చెప్పిన వేగం కూడా. 2014లో వేడి లెక్కా తేలింది. సుమారు 32 డిగ్రీలు, అంటే మనిషి చర్మపు వేడి. అంతకంటే చల్లటి వస్తువుకూ వేడి వస్తువుకూ ఇవి అంతగా పలకవు.

తెనాలిలో ఆ రోజు నా వంతు వచ్చినప్పుడు నేను మనసులో లెక్కపెట్టాను. కనుబొమల దగ్గర మొదలైన మా క్షురకుడి వేళ్ళు నడినెత్తికి చేరేసరికి ఐదు అంకెలు అయ్యాయి. అది జానెడు దూరం, ఇరవై సెంటీమీటర్లు అనుకుందాం. సెకనుకు నాలుగు. చేతివేళ్ళ వేడి ఎలాగూ మనిషి వేడే.

ఈ తలమర్దన మన నేల నుంచి ప్రపంచానికి వెళ్ళిందే. షాంపూ అన్న మాట హిందీలో ఒత్తడానికి వాడే చాంప్‌నా నుంచి పుట్టింది. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండ్ వెళ్ళి, బ్రైటన్‌లో సముద్రం ఒడ్డున ఆవిరి స్నానాల ఇల్లు తెరిచి, దొరల ఒళ్ళు పట్టాడు. నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులిద్దరికీ ఆయన షాంపూయింగ్ సర్జన్. జుట్టు కడుక్కునే సబ్బు ద్రవం అన్న అర్థం ఆ మాటకు తర్వాతెప్పుడో అంటుకుంది. స్పాలో తలమర్దన అంటూ మనకు అమ్ముతున్నది ఆ పాత మాట మొదటి అర్థమే.

మర్దన గురించి చెప్పేవాటిలో తాలు కూడా చాలా ఉంది. ఒంట్లో విషాలు బయటికి పోతాయంటారు. ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి, వేళ్ళు చేయవు. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను మర్దనతో బాగా పడిపోతుందన్న మాట కూడా చాలాకాలం చెలామణి అయింది. ప్రయోగాలన్నీ జాగ్రత్తగా కూడి చూసినవాళ్ళకు ఆ తగ్గుదల బహు స్వల్పంగా కనిపించింది. కానీ అదే లెక్కల్లో ఆందోళన, దిగులు తగ్గడం మాత్రం స్పష్టంగా నిలబడింది. మేలు నిజమే, దానికి చెప్పుకున్న కారణమే తప్పు. తల వెనక పుర్రె మొదట్లో ఉండే చిన్న కండరాలు రోజంతా దాదాపు ఐదు కిలోల తలను నిలబెట్టి అలసిపోయి ఉంటాయి. అక్కడ వేలు పడగానే వచ్చే ఉపశమనానికి విషాల కథ అక్కర్లేదు.

మర్దన చివర మెడ విరిచే అలవాటు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. గడ్డం ఒక చేత్తో, తల వెనక ఒక చేత్తో పట్టుకుని ఠక్కున తిప్పుతారు. మెటికలు విరిచినట్టే చప్పుడు వస్తుంది, తేలికైనట్టుంటుంది. ఆ చప్పుడు ఎముకది కాదు. కీలు హఠాత్తుగా సాగినప్పుడు లోపలి ద్రవంలో వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది. 2015లో కెనడా పరిశోధకులు వేళ్ళ మెటికలు విరుస్తూ ఎంఆర్ఐలో దాన్ని పట్టుకున్నారు. వేళ్ళకు ఫరవాలేదు. మెడ సంగతి వేరు. మెదడు వెనక భాగానికి రక్తం ఇచ్చే వెన్నుపూస ధమనులు మెడ ఎముకల పక్క రంధ్రాల్లోంచి దారంలా పైకి వెళ్ళి, పుర్రె కింద ఒక మెలిక తిరుగుతాయి. తల ఒక్కసారిగా మెలిపెడితే ఆ మెలిక దగ్గర ధమని లోపలి పొర చిరగవచ్చు. చిరిగిన చోట గడ్డ కట్టి మెదడుకు చేరితే పక్షవాతం. తల వెనక్కి బాగా వాల్చి బేసిన్ అంచు మీద జుట్టు కడిగినా ఇలాంటి ముప్పే ఉంది. 1993లో ఒక అమెరికన్ వైద్యుడు దీనికి బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అని పేరు పెట్టాడు. 2022లో హైదరాబాదులో ఒక మహిళకు అలా జుట్టు కడిగించుకుంటుండగా స్ట్రోక్ వచ్చిన సంగతి వార్తల్లో చదివాం. ఇది అరుదు. కానీ వచ్చినవాళ్ళకు అరుదు అన్న మాట ఊరట కాదు. ఒకసారి ఓ చోట నన్ను అడక్కుండానే మెడ తిప్పేశారు. రెండు రోజులు కుడివైపు చూడలేకపోయాను. అప్పటినుంచి ఎక్కడ కూర్చున్నా ముందే చెబుతాను, తల ఎంతసేపైనా పట్టండి, మెడ మాత్రం తిప్పొద్దు, వెనక్కి వాలిస్తే మెడ కింద తువాలు చుట్ట పెట్టండి అని.

ఆ పెద్దాయన నిద్ర దగ్గరికి మళ్ళీ వస్తాను. నిదానమైన నరాలూ, 32 డిగ్రీలూ ఒప్పుకుంటాను. కానీ అవి మోగినంత మాత్రాన ఎవరి చెయ్యి పడితే వాళ్ళ చేతికి హాయి కలగదు. అపరిచితుడు బస్సులో అదే వేగంతో తల నిమిరితే ఉలిక్కిపడతాం. ఆ స్పర్శ ఎవరిదో మెదడు ముందే చూసుకుని ఉంటుంది. మన ఇళ్ళలో మగపిల్లవాడి సంగతి ఆలోచించండి. పుట్టిన కొత్తలో కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోస్తారు. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు మేనమామ ఒళ్ళో కూర్చోబెడతారు. ఆ రోజు ఆ నెత్తి మీద చెయ్యి వేసే బయటి మనిషి క్షురకుడు. పండగకు అమ్మ తలంటుతుంది. పదేళ్ళు దాటాక అది కూడా ఆగిపోతుంది. తర్వాత ఎవరూ ముట్టుకోరు. పెళ్ళయిన మగవాడి తలను కూడా తీరిగ్గా నిమిరేవాళ్ళు ఎందరు? నెలకోసారి అరగంట ఆ పని చేసేది ఒక్క క్షురకుడే. పెళ్ళిలో గోళ్ళు తీసేదీ, సన్నాయి ఊదేదీ, తండ్రి పోయిన పదో రోజున కొడుకు తల మీద కత్తి పెట్టేదీ ఆ చేతులే. ఇన్ని పనులు చేసిన నాయీ బ్రాహ్మణుల చేతిని ఊరు చాలాకాలం చిన్నచూపు చూసింది. అది మనం మోయాల్సిన తప్పు.

స్పర్శ మీద జరిగిన 137 అధ్యయనాలను, దాదాపు 13 వేల మందిని కలిపి లెక్కగట్టిన ఒక పెద్ద విశ్లేషణ 2024లో వచ్చింది. నొప్పి, దిగులు, ఆందోళన తగ్గుతాయని తేలింది. పెద్దవాళ్ళ విషయంలో తాకేది ఆత్మీయులా, వృత్తిగా చేసేవాళ్ళా అన్నదాన్ని బట్టి మేలులో పెద్ద తేడా కనిపించలేదు. ఎంతసేపు తాకారన్నదానికంటే ఎన్నిసార్లు తాకారన్నది ముఖ్యమట. ఒంటి మీద కంటే తల మీద, ముఖం మీద స్పర్శకు ఎక్కువ ఫలితం ఉందట. ఏడాదికోసారి ఖరీదైన స్పాలో మూడు గంటలు గడిపేకంటే, నెల నెలా వీధి చివర సెలూన్‌లో అరగంట కూర్చోవడానికే ఈ లెక్కలు ఓటేస్తున్నాయని నేను అర్థం చేసుకున్నాను.

క్షురకుడి చేతి మీద మనిషికుండే నమ్మకాన్ని ప్రాణం కాపాడటానికి వాడుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ రోనాల్డ్ విక్టర్ బృందం 52 నల్లజాతి సెలూన్లను ఎంచుకుని, అక్కడికి వచ్చే అధిక రక్తపోటు ఉన్న 319 మంది మగవాళ్ళను చేర్చుకుంది. కొన్ని సెలూన్లలో క్షురకులు చెబితే ఫార్మసిస్టు అక్కడికే వచ్చి బీపీ చూసి మందు రాశాడు. మిగతావాటిలో క్షురకులే డాక్టర్‌ను కలవమని చెప్పారు. ఆరు నెలలకు రెండో గుంపులో పై అంకె సగటున 9 పాయింట్లు తగ్గింది. మొదటి గుంపులో 27 తగ్గింది. 2018లో ఈ ఫలితాలు వచ్చినప్పుడు వైద్యలోకం ఆశ్చర్యపోయింది. ఆస్పత్రి గడప తొక్కని మగవాళ్ళు ఆ కుర్చీలో చెయ్యి చాపారు. తెలంగాణలో 2021లో నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ అద్దం పక్కన ఒక బీపీ మిషన్ కూడా పెట్టే రోజు రావాలని నా కోరిక.

తెనాలిలో ఆ రోజు నా తలకు నూనె పట్టిస్తున్నప్పుడు ఈ సెంటీమీటర్ల లెక్కంతా మా క్షురకుడికి చెప్పాను. వింటూ చెయ్యి ఆపలేదు.

“అంత కొలతేం ఉంటుంది బాబూ, ఊపిరి చూసుకోవాలి,” అన్నాడు. “మా నాన్న నేర్పిందదే. కూర్చున్న మనిషి ఊపిరి ఎలా ఉందో చెయ్యి అలా నడవాలి. ముందు వాళ్ళ ఊపిరికి తగ్గట్టు వెళ్తాం. కాసేపటికి మన చేతికి తగ్గట్టు వాళ్ళు ఊపిరి తీస్తారు.”

“ఇందాక పక్కాయన గుర్రు పెడితే ఆగావే బాబాయ్, అందుకేనా?”

“గుర్రు మొదట్లో ఊపిరి తడబడుద్ది. అప్పుడు కత్తి పెట్టకూడదు,” అని నా గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించి తల కాస్త ఎత్తాడు. “మాట్లాడకు బాబూ ఇంక. కళ్ళు మూసుకో.”